ఆస్ట్రేలియా ‘వర్క్ అండ్ హాలిడే’: వీసా వచ్చాక అసలు లెక్క

ఆస్ట్రేలియా ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా 2024లో భారతీయులకూ అందుబాటులోకి వచ్చింది. ఏటా 1,000 మందికే అవకాశం, అదీ లాటరీలో. వయసు 18–30 ఏళ్లు ఉండాలి. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు, పని నడిచేంత ఇంగ్లిష్ తప్పనిసరి. తొలినాళ్ల ఖర్చులకు సుమారు 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి.

ఏడాదిపాటు తిరుగుతూ పని చేసుకోవచ్చు. సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి కుదరదు. అందుకే చాలామంది పంటల వెంట ఊళ్లు మారుతుంటారు: డిసెంబరు, జనవరిలో టాస్మానియాలో చెర్రీలు, జూన్ తర్వాత క్వీన్స్‌లాండ్‌లోని బోవెన్‌లో టమాటాలు.

చిక్కంతా కూలి దగ్గరే. బుట్టల లెక్కన ఇస్తామంటారు. కానీ 2022 ఏప్రిల్ నుంచి, ఎన్ని బుట్టలు కోసినా పనిచేసిన గంటలకు కనీస వేతనం దక్కాల్సిందే. కాబట్టి రోజూ గంటలు రాసుకోండి, పేస్లిప్ అడిగి తీసుకోండి. వీసా రద్దు చేయిస్తానని యజమాని బెదిరిస్తే లొంగొద్దు. ఆ అధికారం ప్రభుత్వానిదే.