ఓహెచ్‌పీసీ

ఒడిశా ప్రభుత్వ జలవిద్యుత్ సంస్థ ఇది. 1995లో ఏర్పడింది. మరుసటి ఏడాది విద్యుత్ బోర్డును విడగొట్టినప్పుడు బోర్డు జలవిద్యుత్ కేంద్రాలు దీని చేతికొచ్చాయి. కోరాపుట్ జిల్లాలోని ఎగువ కొలాబ్ (320 మెగావాట్లు) దీనిదే. డుడుమ జలపాతం దగ్గర ఆంధ్రప్రదేశ్‌తో ఉమ్మడిగా ఉన్న మాచ్‌ఖండ్‌లో ఒడిశా వాటా చూసేదీ ఇదే.

1999లో ఒడిశాలో విద్యుత్ పంపిణీ ప్రైవేటుపరమైంది. కోరాపుట్, రాయగడలకు కరెంటిచ్చే పంపిణీ సంస్థ సౌత్‌కో లైసెన్సు 2015లో రద్దయింది. 2021లో ఆ బాధ్యత టాటా పవర్‌కు వెళ్లింది. జలవిద్యుత్తును మాత్రం అమ్మలేదు. ప్రైవేటైతే పెట్టుబడి, సామర్థ్యం వస్తాయని అనుకూలురు అంటారు. కానీ కొలాబ్ నీళ్లు టర్బైన్లు దాటాక జయపురం పొలాలకు పారాలి. కొలాబ్ జలాశయం కోసం ఊళ్లు వదిలినవారిలో ఆదివాసులు ఎందరో. అలాంటి నీటిపై నిర్ణయం ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం దగ్గరే ఉండాలి.