ఒకే ద్రాక్ష, రెండు పేర్లు: ఇటలీ సరిహద్దులో పందిరి కింద పండే ఎర్ర వైన్

ఒకే ఊరికి రెండు భాషల్లో రెండు పేర్లుండడం సరిహద్దు గ్రామాల వారికి కొత్త విషయం కాదు. ఇటలీ దేశపు ఉత్తర సరిహద్దున, ఆల్ప్స్ పర్వతాల దక్షిణపు వాలులో, ఒక ద్రాక్షకూ దాని నుండి తీసే ఎర్ర వైన్‌కూ ఇలాగే రెండు పేర్లున్నాయి. జర్మన్ మాట్లాడే రైతు దానిని ఫెర్నాచ్ అంటాడు. ఇటాలియన్ మాట్లాడేవారు స్కియావా అంటారు. సామాన్య కుటుంబాలు కొనగలిగిన వైన్ ఇది. చౌకదనమే ఒకనాడు దీనికి చేటు తెచ్చింది. ఆ చేటు నుండి చిన్న రైతులు దీనిని ఎలా కాపాడుకున్నారన్నది మన ద్రాక్ష రైతులు కూడా తెలుసుకోదగినది.

ఆ ప్రాంతం పేరు జర్మన్‌లో జూడ్‌టిరోల్, ఇటాలియన్‌లో ఆల్తో ఆదిజే. మొదటి ప్రపంచ యుద్ధం వరకు అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. 1919 నాటి సంధి ననుసరించి 1920లో ఇటలీలో విలీనమైంది. ముస్సోలినీ ప్రభుత్వం బడులలో జర్మన్ బోధనను తొలగించి, ఊళ్లకు ఇటాలియన్ పేర్లు పెట్టింది. 1946లో ఆస్ట్రియా, ఇటలీల మధ్య జరిగిన ఒప్పందం, 1972 నాటి స్వయంప్రతిపత్తి శాసనం మాతృభాషకు మళ్లీ చోటు కల్పించాయి. నేడు అక్కడి పిల్లలు మాతృభాషలో చదువుకుంటూ రెండో భాషనూ నేర్చుకుంటారు. వైన్ సీసా చీటీ మీద కూడా రెండు భాషలూ చెల్లుతాయి. కాల్టెరర్‌సే అన్నా, లాగో ది కల్దారో అన్నా ఒకే సరస్సు పేరు, ఒకే వైన్ పేరు.

పందిరి సాగు, పులియబెట్టే పద్ధతి

ఈ తీగలను అనాదిగా కొయ్య పందిళ్లపై పాకిస్తారు. ఆకుల నీడ గుత్తులను వేసవి ఎండ నుండి కాపాడుతుంది. అయితే పందిరి కింద పనులలో చాలా భాగం చేతితోనే జరగాలి. సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో గుత్తులు కోసి, పండ్లను చితిపి, తొక్కలతో సహా కొద్ది రోజులు పులియబెడతారు. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ తొక్క నుండే వస్తాయి. ఈ పండు తొక్కలో ఆ రెండూ తక్కువ కనుక వైన్ లేత ఎరుపులో, తేలికైన రుచితో ఉంటుంది. తరువాత పెద్ద పీపాలలో కొన్ని నెలలు ఉంచుతారు. పీపా పెద్దదైనకొద్దీ కొయ్య వాసన రసానికి తక్కువగా అంటుతుంది.

ధర తక్కువగా ఉండడానికి కారణాలు ఇందులోనే ఉన్నాయి. పందిరిపై దిగుబడి బాగుంటుంది. ఖరీదైన కొత్త పీపాలు అవసరం లేదు. ఏళ్ల తరబడి నిల్వ ఉంచనక్కరలేదు కనుక రైతు పెట్టుబడి త్వరగా చేతికి వస్తుంది.

ఆ జిల్లాలో ఒక్కో కుటుంబానికి ఉన్న ద్రాక్ష తోట సగటున ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. అంత కొద్ది పంటకు సొంత యంత్రాలు కొనడం గిట్టుబాటు కాదు. అందుకే రైతులు కలిసి సహకార సంఘాలు ఏర్పరచుకున్నారు. మొదటిది 1893లో ఆండ్రియన్ గ్రామంలో వెలిసింది. నేటికీ ఆ ప్రాంతపు వైన్‌లో సుమారు 70 శాతం ఇటువంటి సంఘాలలోనే తయారవుతుంది.

చౌకదనం తెచ్చిన చేటు

ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో స్విట్జర్లాండ్, జర్మనీ, ఆస్ట్రియాల నుండి చౌక వైన్‌కు గిరాకీ పెరిగింది. తీగకు మోయలేనంత కాపు కాయించారు. రసం పలుచబడింది, పేరు చెడింది. కొనేవారు తగ్గగానే రైతులు పాత పందిళ్లు తీసివేసి, తెల్ల ద్రాక్ష వేశారు. 1970ల నాటికి తోటలలో సగానికి మించి ఉన్న ఫెర్నాచ్ నేడు సుమారు పదో వంతు మాత్రమే మిగిలింది.

మిగిలిన ఆ కొద్ది తోటల యజమానులు మరొక దారి పట్టారు. పాత తీగలను నిలిపి, గుత్తులు తగ్గించి, కొండవాలు తోటల పంటను వేరుగా పులియబెట్టారు. బోత్సెన్ పట్టణం పక్కనున్న సాంక్ట్ మాగ్డలేనా కొండ వైన్‌లో లాగ్రైన్ అనే మరో ద్రాక్షను కొద్దిగా కలపడం పూర్వాచారం. దానినీ కొనసాగించారు. 1970, 71 సంవత్సరాలలో ఈ వైన్‌ల పేర్లకు లభించిన చట్టరక్షణ వారికి అండగా నిలిచింది. నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత ద్రాక్షతో, పరిమిత దిగుబడితో చేసినదానికే ఆ పేరు పెట్టాలి.

మన దగ్గర కోలారు, చిక్కబళ్లాపురం ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు కూడా పండించే బెంగళూరు బ్లూ ద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే చట్టం పేరును మాత్రమే కాపాడగలదు. ఆ పేరు వింటే కొనాలనిపించే నాణ్యత తోటలోనే పుట్టాలి. దిగుబడిని ఎక్కడ ఆపాలో తెలిసిన రైతుకు, పంటను కలిసి అమ్ముకునే సంఘం తోడైతే, చవకగా అమ్మే సరుకుకు కూడా గౌరవం ఉంటుందని ఆ సరిహద్దు రైతులు నిరూపించారు.

వైన్ కూడా మద్యమే. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కనుక ఈ వైన్ నుండి మనం గ్రహించవలసినది తాగే అలవాటు కాక, సాగు విధానమూ సహకార పద్ధతీ అని పాఠకులకు మనవి.