పదకొండు మంది ఆటకు ఎంతమంది కావాలి?

ఫుట్‌బాల్ జట్టులో ఎంతమంది ఆడతారని అడిగితే మీలో ఎవరైనా ఠక్కున 11 అని చెబుతారు. మరి జట్టు కట్టేటప్పుడు ఎంతమందిని ఎంపిక చేసుకోవాలి? దీనికి జవాబు అంత తొందరగా రాదు. ఎంతమంది ఉంటే అంత మంచిది కదా అని కొందరంటారు. బాగా ఆడే 11 మంది చాలు, మిగతావాళ్లు బస్సు చార్జీలకు దండగ అని మరికొందరంటారు. ఇద్దరి మాటా పూర్తిగా నిజం కాదు. ఎందుకో చూద్దాం. ఇందుకు కొంచెం గణితం, కొంచెం జీవశాస్త్రం కావాలి. రెండూ మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే.

ముందు ఒక నిజమైన జట్టు సంగతి వినండి. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడుగా పనిచేశారు. ఆయన మొదట బడిపంతులు. (ఈ మాట చెప్పడంలో నాకు కొంచెం స్వార్థం లేకపోలేదు, నేనూ బడిపంతులునే!) ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆగస్టు 26 నుంచి సెప్టెంబరు 4 వరకు, అంటే 10 రోజుల్లో, మన జట్టు 5 మ్యాచ్‌లు ఆడింది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయింది. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. త్రిలోక్ సింగ్ కాలి వేలికి గాయమైంది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడకేశాడు.

అప్పుడు రహీం ఏం చేశారు? కుట్లు పడిన తలతో జర్నైల్ రక్షణలో నిలబడి వచ్చిన ప్రతి బంతినీ తలతో కొట్టడం కష్టం. అందుకని అతణ్ణి ముందు వరుసకు మార్చారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై జర్నైల్ ఒక గోల్ చేశాడు, మనం 3-2తో గెలిచాం. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ చేయగా 2-1తో బంగారు పతకం మనకు దక్కింది. ఇది ధైర్యం కథగా అందరూ చెప్పుకుంటారు. ధైర్యం సంగతి నిజమే. కాని లెక్కల మాస్టారు చూస్తే ఇందులో మరో ప్రశ్న కనిపిస్తుంది. 10 రోజుల పోటీలో ఒకేసారి ముగ్గురు ముఖ్యులు దెబ్బతినడం దురదృష్టమా, లేక మామూలుగా జరిగేదేనా?

లెక్క వేద్దాం. ఏ మ్యాచ్ రోజునైనా ఒక ఆటగాడు ఆడగల స్థితిలో ఉండే సంభావ్యత 10లో 9 అనుకోండి. మిగిలిన ఒక వంతు జ్వరానికి, కాలు బెణకడానికి, కండరం పట్టేయడానికి. 10లో 9 అంటే బాగానే ఉంది కదా! ఇప్పుడు మీ జట్టులో సరిగ్గా 11 మందే ఉన్నారు. అందరూ ఒకేసారి బాగుండాలంటే 0.9ని 11 సార్లు గుణించాలి. కాగితం తీసి గుణించండి. 0.31 వస్తుంది. అంటే 100 మ్యాచ్‌లలో 31 మ్యాచ్‌లకే పూర్తి జట్టు దొరుకుతుంది. మిగిలిన 69 సార్లు ఎవరో ఒకరు తక్కువే!

ఒక్కరిని అదనంగా చేర్చండి. 12 మందిలో అందరూ బాగుండే సంభావ్యత 0.28. సరిగ్గా ఒక్కరే తగ్గే సంభావ్యత 12 × 0.1 × 0.31, అంటే సుమారు 0.38. ఈ రెండు సందర్భాల్లోనూ మీకు 11 మంది దొరుకుతారు కాబట్టి రెంటినీ కూడాలి. 0.66 వచ్చింది. ఒక్క మనిషితో 31 కాస్తా 66 అయింది. ఇదే విధంగా 13 మంది ఉంటే 87, 14 మంది ఉంటే 96, 15 మంది ఉంటే 99 వస్తుంది. గమనించారా? మొదటి అదనపు ఆటగాడు 35 మ్యాచ్‌లను కాపాడాడు, రెండవవాడు 21, మూడవవాడు 9, నాలుగవవాడు 3. ఇరవయ్యో మనిషిని చేర్చినా ఈ లెక్కలో దాదాపు ఏమీ పెరగదు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి పిల్లలకు ఈ సంగతి ఇంట్లోనే తెలిసి ఉంటుంది. సింగరేణిలో బదిలీ కార్మికులు అనే మాట విన్నారు కదా! ఒక షిఫ్టు నడవడానికి ఎంతమంది కావాలో అంతమంది పేర్లే మస్టరులో ఉంటే, ఇద్దరు నాగా పెట్టిన రోజున పని ఆగుతుంది. అందుకే లేనివాళ్ల స్థానంలో దిగడానికి కొందరుండాలి. గని అయినా, మైదానం అయినా లెక్క ఒక్కటే.

అయితే ఈ లెక్కలో నేను మీకు చెప్పకుండా దాచిన మోసం ఒకటుంది. 10లో 9 అనే సంఖ్య రాయి మీద చెక్కింది కాదు. మొదటి మ్యాచ్‌కు అది నిజం కావచ్చు. మూడు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడిన కుర్రాడి విషయంలో అది 10లో 8కి పడిపోయిందనుకోండి. చిన్న తేడాలా కనిపిస్తుంది. కాని 14 మంది జట్టుకు 96గా ఉన్నది 70కి దిగజారుతుంది. మళ్లీ 96 కావాలంటే 17 మంది అవసరం. అంటే అలసట మీ జట్టులోంచి ముగ్గురు ఆటగాళ్లను కనబడకుండా ఎత్తుకుపోయిందన్నమాట. ఎవరికీ దెబ్బ తగలకముందే!

ఈ అలసట అంటే ఏమిటి? మనం తిన్న అన్నం, జొన్న రొట్టె, మక్క గటక అన్నీ చివరికి గ్లూకోజుగా మారతాయి. వెంటనే వాడని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ అనే పదార్థంగా కట్టి కండరాల్లోనూ, కాలేయంలోనూ దాస్తుంది. పెద్దవారి కండరాల్లో ఇది సుమారు 400 నుంచి 500 గ్రాములుంటుంది. కాలేయంలో మరో 100 గ్రాములు. పెద్దల మ్యాచ్‌లో ఒక ఆటగాడు సుమారు 10 కిలోమీటర్లు కదులుతాడు. అందులో నడక ఉంది, పరుగు ఉంది, పులిలా దూకడం ఉంది. దూకుడుకు కావలసిన శక్తి ఎక్కువగా ఈ గ్లైకోజెన్ నుంచే వస్తుంది. అది అడుగంటితే కాళ్లు బరువెక్కుతాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెంగ్ట్ సాల్టిన్ 1973లోనే దీన్ని చూపించాడు. కండరాల్లో తక్కువ గ్లైకోజెన్‌తో మైదానంలోకి దిగినవారు తక్కువ దూరం కదిలారు, ఆ కదిలినదాంట్లో కూడా నడకే ఎక్కువ.

ఖాళీ అయిన నిల్వ రాత్రి భోజనంతో నిండిపోదు. బాగా తిన్నా 2 నుంచి 3 రోజులు పట్టవచ్చు. పైగా వేగంగా పరిగెత్తి హఠాత్తుగా ఆగినప్పుడు కండర తంతువులు సూక్ష్మంగా చిట్లుతాయి. మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు నొప్పి పెట్టేది అందుకే. ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణమని చాలామంది చెబుతారు, మా కాలంలో మాకూ అలాగే చెప్పారు. కాని ఆ ఆమ్లం ఆట ముగిసిన గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది, నొప్పి మాత్రం మర్నాడు మొదలవుతుంది. చిట్లిన తంతువులు అతుక్కోకముందే మళ్లీ పరిగెత్తితే తొడ వెనక కండరం తెగే ప్రమాదం పెరుగుతుంది. ఇక మన రామగుండం ఎండల్లో ఆడితే చెమట రూపంలో గంటకు లీటరుకు పైగా నీరు పోతుంది, గుండెకు పని పెరుగుతుంది.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి. ఇంట్లో వడ్లు పోసే గుమ్మిని చూశారు కదా! గుమ్మి నిండాక ఎన్ని వడ్లు పోసినా కిందికే జారిపోతాయి. కండరంలోని గ్లైకోజెన్ కూడా అంతే. మూడు రోజులు విశ్రాంతి తీసుకున్నవాడి గుమ్మి నిండుతుంది. పది రోజులు కూర్చున్నా అంతకంటే నిండదు. విశ్రాంతిని ముందుగా దాచుకోలేం. అలసట మాత్రం మ్యాచ్ మీద మ్యాచ్ పేరుకుంటూ పోతుంది.

1982లో ఇంగ్లండులో కెవిన్ టామ్స్ అనే ఆయన ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆటను తయారుచేశాడు. అందులో మీరు బంతి తన్నరు, జట్టును నడుపుతారు. ప్రతి ఆటగాడికీ నైపుణ్యానికి ఒక అంకె, శక్తికి ఒక అంకె ఉంటాయి. ఆడిస్తే శక్తి తగ్గుతుంది, కూర్చోబెడితే పెరుగుతుంది. ఇప్పుడు మీ అన్నయ్యలు ఫోన్లలో ఆడే ఇటువంటి ఆటలన్నిటిలోనూ ఈ ఆలోచనే ఉంటుంది. దీనికి ఫోను అక్కర్లేదు, నోటు పుస్తకం చాలు. ఈ నియమాలు నేను పెట్టినవి. ప్రతివాడికి 20 శక్తి ఇవ్వండి. మ్యాచ్ ఆడితే 2 తీసేయండి. ఆడకుండా కూర్చుంటే 4 కలపండి, కాని 20 దాటకూడదు.

11 మందే ఉంటే 10 మ్యాచ్‌లకు అందరూ సున్నా. ఇప్పుడు ఎంతమంది ఉంటే జట్టు నిలబడుతుందో కనుక్కోండి. ఒక్కో మ్యాచ్‌కు మొత్తం ఖర్చు 11 × 2 = 22. ఐదుగురు కూర్చుంటే రాబడి 20, చాలదు. ఆరుగురు కూర్చుంటే 24, సరిపోయింది. కాబట్టి 17 మంది కావాలి. ఇంతవరకు సులువే. ఇక తమాషా చూడండి. 17 మందినీ పెట్టుకుని, ఎప్పుడూ మీకు నచ్చిన 11 మందినే ఆడించండి. కూర్చున్న ఆరుగురూ 20 దగ్గరే ఉంటారు, వాళ్లకు కలపడానికి చోటు లేదు. ఆడే 11 మంది పదో మ్యాచ్‌కు సున్నాకు చేరతారు. కాగితం మీద 17 మంది ఉన్నా, జట్టు నిజంగా 11 మందిదే! ఇంకో కొస కూడా ప్రయత్నించండి. 22 మందిని తీసుకుని రెండు జట్లుగా మార్చిమార్చి ఆడిస్తే ఎవరి శక్తీ 18కి తగ్గదు. కాని మీ అందరికంటే మంచి ఆటగాడు సగం మ్యాచ్‌లు ఒడ్డున కూర్చుంటాడు. నిజమైన శరీరం విషయంలో ఇంకో చిక్కుంది. రెండు మూడు వారాలు ఒళ్లు కదల్చకపోతే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యమే తగ్గడం మొదలవుతుంది.

ఈ లెక్క నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాల నుంచి 13 మంది పిల్లల్ని పోటీలకు తీసుకుపోయాను. రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లు. మొదటి మ్యాచ్‌లో సగం ఆటకే 4 గోల్స్ ముందున్నాం. అప్పుడు మా ముందు వరుస కుర్రాణ్ణి దింపి, కూర్చున్న ఇద్దరిలో ఒకణ్ణి పంపవలసింది. పంపలేదు. ఇంకో రెండు గోల్స్ వస్తే బాగుంటుందనిపించింది! మర్నాడు మధ్యాహ్నం ఫైనల్‌కు ముందు వాడు తొడ వెనక చెయ్యి పెట్టుకుని రుద్దుకుంటున్నాడు. అడిగితే "ఏం గాదు సార్, ఆడ్త" అన్నాడు. ఆడాడు. రెండో సగంలో ఒక పరుగు మధ్యలో కూలబడ్డాడు. ఆ ఏడాది మళ్లీ బూట్లు వేసుకోలేదు. వాడి బదులు దిగిన పిల్లవాడు రెండు రోజుల్లో మొదటిసారి బంతిని ముట్టుకోవడం అదే. ఓడిపోయాం. అంతకుముందు రోజు మిగిల్చిన అరగంట ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది.

నియమాలు చేసేవారు కూడా ఈ సంగతిని మెల్లమెల్లగానే ఒప్పుకున్నారు. ప్రపంచకప్పులో ఆట మధ్యలో ఆటగాణ్ణి మార్చడం 1970లో మొదలైంది, అదీ ఇద్దరినే. తరువాత ముగ్గురయ్యారు. కోవిడ్ తరువాత మ్యాచ్‌లు ఒత్తుగా పడటంతో 2020లో తాత్కాలికంగా ఐదుగురిని అనుమతించారు, 2022లో అది శాశ్వత నియమమైంది. జట్టు పరిమాణం కూడా 22 నుంచి 2002లో 23కి, 2022లో 26కి పెరిగింది.

ఆ 26 మందిలో ముగ్గురు గోల్‌కీపర్లు ఉండి తీరాలి. మైదానంలో అందరికంటే తక్కువ పరిగెత్తేది గోల్‌కీపరే కదా, మరి ముగ్గురెందుకు? మన 10లో 9 లెక్కే వేయండి. ఒక్కడే ఉంటే 10 మ్యాచ్‌లకు ఒకసారి గోల్ ఖాళీ. ఇద్దరుంటే ఇద్దరూ ఒకేసారి పడిపోయే సంభావ్యత 0.1 × 0.1, అంటే 100లో 1. ముగ్గురుంటే 1000లో 1. జకార్తాలో తంగరాజ్ జ్వరపడినప్పుడు రహీం దగ్గర ప్రద్యుత్ బర్మన్ ఉన్నాడు. ఫైనల్‌కు కోలుకున్న తంగరాజ్‌నే దించారు, మన గోల్‌లోకి ఒక్క బంతే పోయింది. ఇక మీకో ప్రశ్న. ఇద్దరు గోల్‌కీపర్లూ ఒకే గదిలో పడుకుని, ఒకరికి ఫ్లూ వస్తే, 100లో 1 అన్న మన లెక్క అప్పుడు కూడా నిలుస్తుందా?