కరెంటు సైకిలు ముందు షాకులు

దేవనహళ్ళి చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళ ముందర ఇప్పుడు కరెంటు సైకిళ్ళు కనబడుతున్నాయి. 2008లో ఇక్కడ విమానాశ్రయం తెరిచినాక మన పిల్లలు చాలామంది కార్గోలోనో, క్లీనింగులోనో, హోటళ్ళలోనో షిఫ్టు పనులకు చేరారు. రాత్రి రెండు గంటలకు షిఫ్టు దిగినవాడు బస్సు కోసం ఎంతసేపని కాచుకుంటాడు? పెట్రోలు బండి పెట్టుకుంటే జీతంలో కొంత దానికే పోతుంది. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉండే సైకిలుకు రిజిస్ట్రేషను అక్కరలేదు. అందుకని దీని మీద పడ్డారు.

వీటిలో లావు టైర్ల కొండ సైకిళ్ళు కూడా ఉన్నాయి. ఆదివారం తెల్లారేసరికి హైదరాబాదు రోడ్డు మీద నంది బెట్టకు తొక్కుకుంటూ పోయే ఐటీ పిల్లలను మీరు చూసే ఉంటారు. వాళ్ళు మోజుగా కొని, రెండేళ్ళు తొక్కి అమ్మేస్తారు. మనవాళ్ళు సెకండ్ హ్యాండులో తీసుకుంటారు. బండి మంచిదే. అయితే అది వేరే మనిషి బరువుకు, వేరే మనిషి అలవాటుకు సెట్ చేసి ఉంటుంది. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు.

మా అల్లుడు అట్లాంటిదే ఒకటి కొన్నాడు. నెల తిరక్కముందే కుడి మణికట్టు వాచింది. వాడు కార్గోలో పెట్టెలు ఎత్తే మనిషి. కాంట్రాక్టు పని, పోని రోజు జీతం లేదు. అట్లా మూడు రోజులు పోయాయి. మా అమ్మాయి ఆ సైకిలు అమ్మి పారేయమని రోజూ పోరు. ఒక షాపులో చూపిస్తే ఫోర్కు మొత్తం పోయింది, కొత్తది వేయాలి అన్నారట. చెప్పిన రేటు సైకిలు కొన్న రేటులో సగం.

"మామా, నువ్వొకసారి చూడు" అని తెచ్చి నా ముందర నిలబెట్టాడు.

నేను మిల్లులో రింగ్ ఫ్రేముల మీద ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి. చదివింది ఐదో క్లాసు. కంపెనీవాళ్ళ పుస్తకం ఇంగ్లీషులో ఉంటే మా మనవరాలు ఫోనులో చదివి చెప్పింది. ఫోర్కు పోలేదు. అందులో గాలి ఎక్కువ ఉంది, అంతే. మొదట కొన్నాయన భారీ మనిషి. మా అల్లుడు 58 కిలోలు. వాడి బరువుకు ఆ ఫోర్కు కదలనే కదలదు. ప్రతి గుంత దెబ్బా నేరుగా మణికట్టుకు తగిలేది.

రింగ్ ఫ్రేము మీద పనిచేసినవాళ్ళకు ఇది తొందరగా అర్థమవుతుంది. పై రోలర్ల మీద స్ప్రింగు ఒత్తిడి తక్కువైతే దారం ఒకచోట లావు ఒకచోట సన్నం వస్తుంది. ఎక్కువైతే రోలరు రబ్బరు అరిగిపోతుంది. ఎంత కావాలో అంతే ఉండాలి. ఇక్కడా అదే లెక్క.

సాధారణంగా ఫోర్కుకు ఒక కాల్లో స్ప్రింగు, ఇంకో కాల్లో నూనె ఉంటాయి. స్ప్రింగు దెబ్బను తీసుకుంటుంది. ఆ స్ప్రింగు బంతిలాగా ఎగిరి పడకుండా నూనె దాన్ని పట్టి నిదానంగా వదులుతుంది. తక్కువ రేటు సైకిళ్ళలో ఇనప స్ప్రింగు, ఎక్కువ రేటు వాటిలో స్ప్రింగు బదులు గాలి. 1989లో అమెరికాలో పాల్ టర్నర్ అనే ఆయన రాక్‌షాక్స్ పేరుతో కొండ సైకిళ్ళకు ఇట్లాంటి ఫోర్కు అమ్మడం మొదలుపెట్టాడు. మోటారు సైకిళ్ళ పని తెలిసినవాడు. అందులోనూ గాలీ నూనే. మన మోటారు సైకిలు షాకులకు ఇది చిన్న తమ్ముడు అనుకోండి.

మీ ఫోర్కు ఏ రకమో చూడండి. ఎడమ కాలు పైన మూత తీస్తే ట్యూబుకు ఉన్నట్టు వాల్వు కనబడితే అది గాలిది. తిప్పే బిరడా ఉండి, ప్లస్సు మైనస్సు గుర్తులు ఉంటే చాలావరకు ఇనప స్ప్రింగుది.

ఇప్పుడు సెట్టింగు. మెరిసే గొట్టం మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. లేకపోతే గట్టి నూలుదారం ఒక చుట్టు బిగించి కట్టండి, మన ఇళ్ళలో దారానికి కరువా. దాన్ని కింది సీలు దాకా జరపండి. డ్యూటీకి పోయేటప్పుడు ఎట్లా పోతారో అట్లాగే బ్యాగు, హెల్మెట్టు, టిఫిన్ క్యారియరు అన్నీ పెట్టుకుని గోడ పట్టుకుని మెల్లగా ఎక్కండి. ఊగొద్దు, బ్రేకు పట్టొద్దు. మెల్లగా దిగి రింగు ఎంత పైకి జరిగిందో స్కేలు పెట్టి కొలవండి. ఫోర్కు మొత్తం కదిలేది 100 మిల్లీమీటర్లు అయితే 20 నుంచి 25 మిల్లీమీటర్లు దిగాలి. 120 అయితే 24 నుంచి 30. మా అల్లుడిది 100 ఫోర్కు, దిగింది 6.

తక్కువ దిగితే గాలి తీయాలి, ఎక్కువ దిగితే కొట్టాలి. దీనికి షాక్ పంపు అని చిన్న పంపు వేరే ఉంది. పెట్రోలు బంకులో టైరుకు కొట్టే గాలి దీనికి పెట్టించకండి. లోపల గాలికి ఉండే చోటు గ్లాసెడు కూడా ఉండదు, కళ్ళు మూసి తెరిచేలోగా లెక్క తప్పుతుంది. పంపు తగిలించగానే ముల్లు కాస్త పడుతుంది. భయపడకండి, పంపు గొట్టంలోకి పోయిన గాలి అది. గాలి మార్చిన ప్రతిసారీ ఫోర్కును పదిసార్లు నొక్కి వదిలి, మళ్ళీ కొలవండి. ఇనప స్ప్రింగుదైతే బిరడా తిప్పి కొంచెం సరిచేసుకోవచ్చు. అయితే బిరడా తిప్పితే స్ప్రింగు గట్టిపడదు, మొదట దిగేదే తగ్గుతుంది. బరువు మనిషైతే స్ప్రింగే మార్చాలి.

కుడి కాలు కింద ఎర్ర బిరడా ఉంటే అది నూనెది. తాబేలు, కుందేలు బొమ్మలు ఉంటాయి. తాబేలు వైపు తిప్పితే ఫోర్కు నిదానంగా లేస్తుంది, కుందేలు వైపైతే గబుక్కున లేస్తుంది. రెండు చేతులతో బలంగా నొక్కి ఒక్కసారి వదలండి. చక్రం నేల వదిలి ఎగిరితే తాబేలు వైపు ఒక్కొక్క క్లిక్కూ తిప్పండి. మరీ తాబేలు చేసినా తప్పే. హైవే మీద వరసగా తెల్ల హంపులు ఉంటాయి కదా, ఒక దాని మీద దిగిన ఫోర్కు లేచేలోగా రెండోది వస్తుంది, దాని వెనకే మూడోది. చివరికి కిందికే కూరుకుపోయి ఇనపకడ్డీ అయిపోతుంది.

పైన కుడివైపు లాకు ఉంటుంది. నున్నటి రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు వేసుకోండి. దిగేటప్పుడు, గుంతల దారిలో తప్పకుండా తీసేయండి.

మామూలు సైకిలు 15 కిలోలైతే మోటారు, బ్యాటరీ ఉన్నది 20 నుంచి 25 కిలోలు. ముందు బ్రేకు పట్టగానే బరువంతా ఫోర్కు మీదికి వస్తుంది. అందుకే పెద్ద కంపెనీలు కరెంటు సైకిళ్ళకని మందం గొట్టాలతో వేరే ఫోర్కులు చేస్తాయి. మార్చక తప్పకపోతే మామూలు సైకిలు ఫోర్కు చవగ్గా వస్తుందని వేయించుకోకండి. పొడుగు ఎక్కువైనదీ వద్దు, హ్యాండిలు వాలు మారిపోతుంది.

ఇక కాపాడుకునే సంగతి. మిల్లులో స్పిండిలు నూనెలో దూది పడితే ఏమయ్యేదో మనకు తెలుసు. ఇక్కడ దూది బదులు దుమ్ము. దేవనహళ్ళి మట్టి రోడ్లు, సాదహళ్ళి వైపు రాతి క్వారీల పొడి, ఇదంతా మెరిసే గొట్టానికి అంటుకుని సీలు దగ్గర చేరుతుంది. అక్కడ నానిన దుమ్ము ఉప్పుకాగితం లాంటిది. ఇంటికి రాగానే మెత్తని పాత లుంగీ గుడ్డతో తుడవండి. రోజూ రెండు నిమిషాల పని. చైను నూనె, పెట్రోలు, తుప్పు వదిలించే స్ప్రే సీలుకు తగలనివ్వకండి. బండ్లు కడిగే షాపులో ప్రెషరు నీళ్ళు అసలే వద్దు. సీలు దాటి లోపలికి పోతాయి, మోటారుకూ మంచిది కాదు.

వారానికొకసారి గొట్టం మీద గోరు గీసి చూడండి. గోరు తట్టుకునేంత గీత ఉంటే ఆ గీతే సీలును కోస్తుంది. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిలు మెడ దగ్గర టక్కుమంటే బేరింగు వదులు. సీలు దగ్గర వేలు పెడితే అక్కడ ఆట తెలిస్తే లోపల బుష్షులు అరిగాయి. గొట్టం చుట్టూ నూనె వలయం కడుతుంటే సీలు పోయినట్టే. ఈ రెంటికీ షాపుకు పోవాలి, కానీ ఇవి రిపేరు అయ్యేవి. ఫోర్కు మొత్తం పోయిందంటే ఏది పోయిందో విప్పి చూపించమని అడగండి.

కింది కాళ్ళు విప్పి నూనె మార్చడం 50 గంటల తొక్కుడుకు ఒకసారి అని రాక్‌షాక్స్ వాళ్ళ లెక్క. రోజూ గంట తొక్కేవాడికి రెండు నెలలు కూడా రాదు. మన దుమ్ముకు దాన్ని ఇంకా పొడిగించడం నాకు ఇష్టం లేదు. గాలి ఫోర్కును గాలి మొత్తం తీయకుండా ఎవరూ విప్పకూడదు, మూత తుపాకీ గుండులా వస్తుంది. ఏ పని చేసినా ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి.

మా అల్లుడి ఫోర్కు ఇప్పుడు 22 దిగుతుంది. వాపు తీసింది, పనికి పోతున్నాడు. అమ్మే మాట మా అమ్మాయి ఎత్తడం లేదు. షాక్ పంపు ఒక్కరికి దండగని మా వీధిలో ఐదిళ్ళవాళ్ళం కలిసి ఒకటి కొన్నాం. ఎవరు తీసుకుపోయారో రాసే నోటుబుక్కు మా ఇంట్లో ఉంది. పోయిన గురువారం నుంచి అది చివరి ఇంట్లోనే ఉన్నట్టు రాసి ఉంది, కావలసినవాళ్ళు అక్కడ అడగండి.