లేని పేజీకి దారి

బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డుకు పుస్తకంతో పని తక్కువ. ఏ లోడుకు కమాను పట్టీలు ఎన్నుండాలో మేస్త్రి బుర్రలో ఉంటుంది. ఆయన ఊరెళితే కుర్రాళ్ళు ఫోనందుకోవాల్సిందే.

సాఫ్ట్‌వేరు కంపెనీలదీ ఇదే అవస్థ. 1980ల చివర్లో, అమెరికా కంపెనీ టెక్‌ట్రానిక్స్‌లో ఎవరికి ఏ పని తెలుసో రాసిపెట్టడానికి ప్రోగ్రామర్ వార్డ్ కనింగ్‌హామ్ కంప్యూటరులో కార్డులు తయారుచేశాడు. ఒక కార్డులో ప్రస్తావించిన పేరుకు ఇంకా కార్డు లేకపోతే, నొక్కగానే ఖాళీది తెరుచుకునేది. తెలిసినవాళ్ళు చూసి ఊరుకోలేక నింపేవాళ్ళు. 1995 మార్చి 25న అదే పద్ధతిని ఇంటర్నెట్‌కు ఎక్కించాడు. మొదటి వికీ అదే. అందులో లేని పేజీ పేరు పక్కన ప్రశ్నార్థకం కనబడేది. ఎవరైనా దిద్దవచ్చన్న సంగతినే అందరూ మెచ్చుకుంటారు గానీ, నన్నడిగితే అసలు పనితనమంతా ఆ ప్రశ్నార్థకంలోనే ఉంది.

అయితే ఇంగ్లీషు మాటలు రెండు అతికించి, ఒక్కోదాని మొదటి అక్షరం పెద్దది చేస్తేనే లింకు పడేది. పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడాయే లేని తెలుగుకు అది పనికిరాదు. 2001లో వికీపీడియా కొత్తల్లో, అది నడిచే యూజ్‌మాడ్ సాఫ్ట్‌వేరులో క్లిఫర్డ్ ఆడమ్స్ జంట చదరపు బ్రాకెట్లు పెట్టాడు. మధ్యలో ఏం రాసినా లింకే. తర్వాత మాగ్నస్ మాన్స్కే రాసిన కొత్త సాఫ్ట్‌వేరు చేతులు మారి మీడియావికీ అయింది. ప్రశ్నార్థకం పోయి ఎర్ర లింకు వచ్చింది.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో మన బెజవాడలోనే జరిగాయి.

మీడియావికీ మాట్లాడే తెలుగు కూడా ఔత్సాహికులదే. ట్రాన్స్‌లేట్‌వికీ అనే మరో వికీలో ఒక్కో వాక్యానికి ఒక్కో పేజీ ఉంటుంది. వాక్యంలో డాలరు గుర్తు, పక్కన 1 ఉంటే అక్కడికి పేజీ పేరో, మనిషి పేరో వచ్చి కూర్చుంటుంది. ఏది వస్తుందో తెలియకుండా తెలుగు వాక్యం కుదరదు. అందుకే పక్కనే ఇంకో పెట్టె: ఈ మాట ఏ తెరమీద వస్తుంది, డాలరు 1 అంటే ఏమిటి అని. ఆ వివరాన్ని వాడుకునేవాళ్ళు కూడా దిద్దవచ్చు.

అయితే చూసేవాళ్ళు లేకపోతే వికీలో పెట్టిన మాన్యువల్ ఇట్టే పాతబడుతుంది. సాఫ్ట్‌వేరు కొత్త వెర్షనుకు వెళ్ళినా పేజీ పాత కమాండ్లే చెబుతుంది. అందుకే చాలా ప్రాజెక్టులు మాన్యువల్‌ను మార్పులు నమోదుచేసే గిట్‌లో కోడు పక్కకే చేర్చుకున్నాయి. కోడు మార్చినవాళ్ళే దాన్నీ మార్చాలి. ఆర్చ్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ప్రాజెక్టు మాత్రం వికీనే నమ్ముకుంది. ఉబుంటు అనే మరో లినక్స్ వాడేవాళ్ళు కూడా చిక్కొస్తే అందులోనే వెతుక్కుంటారు.