పగుళ్ల రాతిలో చమురు లెక్క

ఇరాన్ నైరుతి ప్రాంతంలో చమురుకు పెద్ద నెలవు అస్మరీ సున్నపురాయి. 1908లో మస్జిద్ సులేమాన్ దగ్గర చమురు ఎగజిమ్మింది ఈ రాతి నుంచే. చాలాచోట్ల రాతిలోని సన్నని రంధ్రాలు చమురును దాచుకుంటాయి గానీ తేలిగ్గా వదలవు. అది బావిదాకా చేరేది పగుళ్ల వెంటే.

ఆ పగుళ్లు చేసే పనిని బట్టి భూవిజ్ఞాని రోనాల్డ్ నెల్సన్ ఇలాంటి నిక్షేపాలను నాలుగు రకాలు చేశాడు. మొదటి రకంలో నిల్వా, దారీ రెండూ పగుళ్లే. రెండో రకంలో నిల్వ రాతిది, దారి పగుళ్లది. మూడో రకంలో రాయే చమురునిస్తుంది, పగుళ్లు తోడ్పడతాయి. నాలుగో రకంలో పగుళ్లు సాయపడవు సరికదా, ఖనిజాలతో పూడుకుపోయి అడ్డుపడొచ్చు. ఇరాన్‌లోని హఫ్త్‌కెల్‌ను రెండో రకంగా, గచ్‌సారాన్‌ను మూడో రకంగా లెక్కిస్తారు.

రకం తెలియకుండా బావులు ఎక్కడ తవ్వాలో, ఎంత జోరుగా తోడాలో నిర్ణయించలేం. తొందరపడి తోడితే పగుళ్ల గుండా చమురు కంటే ముందు నీరు రావచ్చు. కానీ కొత్త క్షేత్రంలో చేతిలో ఉండేవి రెండు మూడు బావులే.

బావి అడుగున వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలు, అంటే సుమారు 21.6 సెంటీమీటర్లు అనుకుందాం. రాతిలో 3 మీటర్లకొక నిటారు పగులు ఉంటే, నిటారు బావికి అది తగిలే అవకాశం దాదాపు 7 శాతం. కాబట్టి పైకి తీసిన రాతి నమూనాలో పగులు కనబడనంత మాత్రాన పగుళ్లు లేవని తేల్చలేం.

కొత్త ఆధారం దొరికినప్పుడు పాత అంచనాను ఎంత మార్చుకోవాలో చెప్పే బేయిస్ సూత్రం ఇక్కడే అక్కరకొస్తుంది. బావిలో పీడన పరీక్ష చేస్తే, రాతి ముక్కలో కొలిచినదానికి ఎన్నో రెట్లు ప్రవాహ సామర్థ్యం తేలిందనుకుందాం. ఇలాంటి ఫలితం రెండో రకంలో పదింట ఎనిమిదిసార్లు, మూడో రకంలో రెండుసార్లు వస్తుందని పాత క్షేత్రాల అనుభవం చెబితే, మొదట సరిసమానంగా ఉన్న అంచనా 80-20 అవుతుంది. రెండో బావిలోనూ అదే వస్తే 94 శాతం. అయితే రెండు బావులూ ఒకే భ్రంశం (రాతిపొరలు విరిగి జారిన చోటు) పక్కన ఉంటే రెండోది కొత్తగా చెప్పేది తక్కువే. అప్పుడు ఆ 94 ఉత్త ధీమా.

తర్వాతి బావి ఎలా ఉండాలో కూడా ఈ లెక్కే చెబుతుంది. 3 మీటర్లకొక పగులు ఉంటే, పగుళ్లకు అడ్డంగా 100 మీటర్లు తొలిస్తే 30కి పైగా తగలాలి. ఒక్కటీ తగలకపోతే, అప్పుడు లేవనే మాటకు బలం వస్తుంది.