రోమనిర్మూలనము: ఒక సేవావృత్తి

పసుపును సున్నిపిండియు మన యిండ్లలో నేల వాడుదురో మీకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. పైపెదవిపై నాలుగు వెండ్రుకలు మొలచిన కన్నెపిల్ల అద్దము ముందు నిలిచి కంట నీరు పెట్టుకొనుట మన మెఱుగుదుము. నాలుగు వెండ్రుకలకే యింత దుఃఖమైనప్పుడు, తన్ను తాను స్త్రీగ నెఱిగియు మొగమున నిండు గడ్డముతో లోకము నెదుర్కొనవలసిన ట్రాన్స్ స్త్రీల బాధ యెంతటిదో యోచింపుడు. వారికి దోడ్పడు వృత్తినిగూర్చి యీ మాసము ముచ్చటింపదలచితిమి.

హైటెక్ సిటీకి చేరువనున్న మణికొండ నేడు ఎత్తయిన మేడలతోను, ఐటీ ఉద్యోగుల వసతిగృహములతోను నిండియున్నది. దారముతో కనుబొమలు దిద్దుట, వ్యాక్సింగు చేయుట నేర్చిన స్త్రీలకు నగరమున కొదవలేదు. కాని గడ్డమును మరల రాకుండ దొలగించుట వేఱు విద్య. వైద్యులిచ్చు హార్మోను మందులు చర్మమును మెత్తపఱచి మేనిరోమములను పలుచన చేయునేగాని, ఒకసారి మొలచిన గడ్డమును బోగొట్టజాలవు. అందుచేత రోమనిర్మూలనము వట్టి యలంకారము గాదు. వారి చికిత్సలో నొక భాగము.

ఇందు రెండు పద్ధతులు గలవు. మొదటిది ఎలెక్ట్రాలిసిస్. 1875వ సంవత్సరమున అమెరికాలో ఛార్లెస్ మిషెల్ అను నేత్రవైద్యుడు, కంటిలోనికి గ్రుచ్చుకొను ఱెప్పవెండ్రుకలను విద్యుచ్ఛక్తితో దొలగించు విధమును బ్రకటించెను. సన్నని సూదిని రోమకూపమున జొనిపి విద్యుత్తును బంపిన మూలము నశించును. ఒక్కొక్క వెండ్రుకకు నొక్కొక్క మాఱు సూది నుంచవలయును గనుక, నిండు గడ్డమునకు నూఱు గంటలకు మించియు బట్టవచ్చును. రెండవది లేజరు. దీని వెలుగును వెండ్రుకలోని నల్లరంగు గ్రహించి వేడెక్కి మూలమును గాల్చును. నెఱసిన వెండ్రుకపై నిది పనిచేయదు. మన చామనచాయ చర్మముగూడ ఆ వెలుగును గ్రహించును గావున, యంత్రమును దప్పుగ నమర్చినచో బొబ్బలును మచ్చలును గలుగును. 1064 నానోమీటర్ల లేజరు ఇట్టి చర్మమునకు మేలు. వెండ్రుకలన్నియు నొకే కాలమున బెరుగవు గనుక, కొన్ని వారముల కొకసారి పలుమాఱులు చేయవలసియుండును.

చేతినేర్పొక్కటియే చాలదు. సూదికి చిక్కుటకై రెండు మూడు దినములు గడ్డమును బెరుగనీయవలయును. ఆ దినములలోనే ఉద్యోగమునకు బోవుట, బస్సెక్కుట, పొరుగువారి కంటబడుట వారికి మిక్కిలి దుర్భరము. ఇది యెఱిగిన నిపుణురాలు సెలవుదినములకు దగినట్లు వేళ నిర్ణయించును. తలుపు మూసి పనిచేయును. వారు కోరిన పేరుతోనే పిలుచును. నొప్పి కోర్వలేనప్పుడు చేయి యాపును. ప్రతివారికి క్రొత్తసూది నుపయోగించును.

ఈ ప్రాంతమున నొకప్పుడు చట్టమే వారికి శత్రువై యుండెను. 1919లో నిజాము రాజ్యమున వచ్చిన చట్టము, స్త్రీవేషముతో వీథిలో గనబడిన హిజ్రాను వారంటు లేకయే నిర్బంధించుట కవకాశ మిచ్చెను. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అంతకు ముందే, 2022లో, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అను ఇరువురు ట్రాన్స్ స్త్రీలు ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యులుగ నియమితులైరి. చట్టము తొలగినను వీథిలోని చూపు తొలగలేదు. గడ్డపు నీడను జూచి నవ్వు చూపులకు వెఱచి యిల్లు కదలనివారు నేటికిని గలరు.

కావున ఈ వృత్తి నవలంబింపగోరు సోదరి చర్మవైద్యుల పర్యవేక్షణమున శ్రద్ధతో శిక్షణ పొందవలయును. తన బిడ్డ యిట్టి కోరికను వెల్లడించినప్పుడు తల్లి కోపగింపక, మంచి వైద్యుని యొద్దకు దోడుగ బోవలయును. సూది నొప్పికి లేపనము గలదు. కన్నతల్లి యీసడింపునకు లేపనము లేదని మా మనవి.